విడుదల రోజు దాకా ఆగుదాం: తెలుగు గేమింగ్ ఛానెళ్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగులో గేమింగ్ ఛానెళ్లు నడుపుతున్నవారికీ, టెలిగ్రాం, డిస్కార్డ్ గ్రూపుల అడ్మిన్లకూ నమస్కారం.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 (జీటీఏ 6) గేమ్‌ను 2026 నవంబరు 19న విడుదల చేస్తామని రాక్‌స్టార్ గేమ్స్ ప్రకటించింది. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆపైన ఈ తేదీ చెప్పారు. ఇన్నేళ్లు ఎదురుచూసిన గేమ్ కాబట్టి, తేదీ దగ్గరపడేకొద్దీ ఎక్కడో ఒకచోటి నుంచి ఏదో ఒకటి బయటకు పొక్కుతుందన్న భయం నాకుంది. పొక్కిన తర్వాత ఈ మాట చెబితే ఎవరి చెవికీ ఎక్కదు గనుక ముందే రాస్తున్నాను. అధికారికంగా విడుదల కాని ఏ గేమ్‌కు సంబంధించినవైనా సరే, లీకైన వీడియోలను, బిల్డులను (అంటే తయారీలో ఉన్న గేమ్ కాపీలను), కథా విశేషాలను, వాటి లింకులను మీ ఛానెళ్లలో గాని గ్రూపుల్లో గాని పెట్టవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

పైరసీ నాకు దూరం నుంచి విన్న సంగతి కాదు. 2005లో తెనాలిలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు గంటకు 15 రూపాయలు తీసుకునే ఇంటర్నెట్ సెంటర్‌లో ఇదే వరుసలోని పాత గేమ్ వైస్ సిటీ ఆడాను. అక్కడున్న ఆరు కంప్యూటర్లలోనూ ఉన్నది కాపీయే. ఆ గేమ్‌ను కొందరు మనుషులు కూర్చుని తయారుచేశారన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మునిసిపాలిటీ కుళాయిలో నీళ్లు వచ్చినట్టు అదీ ఎక్కడి నుంచో వస్తుందనుకున్నాం. తర్వాత హైదరాబాదులో ఒక సంస్థలో ఆరేళ్లు గేమ్ టెస్టర్‌గా పనిచేసినప్పుడు గాని ఆ మనుషులు నాకు కనిపించలేదు.

విదేశీ స్టూడియోలు పంపే బిల్డులను ఆడి, బగ్గులు, అంటే లోపాలు పట్టి, అవి ఏ పరిస్థితిలో వస్తున్నాయో, పదిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు వస్తున్నాయో రాసి పంపడం మా పని. చూసేవారికి రోజంతా గేములాడుకునే ఉద్యోగంలా ఉంటుంది గాని, ఒకే పాత్రను ఒకే గోడకేసి గంటల తరబడి నడిపిస్తూ అది ఎక్కడ గోడలోకి దూరిపోతుందో వెతకడం అందులో ఎక్కువ భాగం. సగం తయారైన గేమ్ ఎలా ఉంటుందో మాకు తెలుసు. భవనాలు ఉండాల్సిన చోట బూడిదరంగు పెట్టెలుంటాయి, నటులు ఇంకా చెప్పని మాటలను యంత్రం గొంతు చదువుతుంటుంది, మనుషులు రెండు చేతులూ చాచి కదలకుండా నిలబడిపోతారు, తెర మూలన అంకెలు పరుగెడుతుంటాయి. ఆ దశలో గేమ్‌ను చూసి బాగుందనో బాగాలేదనో చెప్పడం, ఎసట్లో అప్పుడే పోసిన బియ్యాన్ని నోట్లో వేసుకుని అన్నం పలుకుగా ఉందని తీర్పు చెప్పినట్టే.

ఒకసారి మా బృందంలోని కుర్రవాడొకడు అలాంటి ఒక బిల్డ్‌ను తెర మీద ఉండగా ఫోన్‌తో ఫొటో తీసి తమ్ముడికి పంపాడు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు; తాను ఎంత పెద్ద గేమ్ మీద పనిచేస్తున్నాడో ఇంట్లోవాళ్లకు చూపించాలన్న సంబరం. మూడో రోజుకు ఆ ఫొటో ఒక గేమింగ్ పేజీలో కనిపించింది. కుర్రవాడి ఉద్యోగం పోయింది, మా అందరి ఫోన్లు లాకర్లలోకి వెళ్లాయి, నెల తిరక్కుండా ఆ ప్రాజెక్టే మా చేతుల్లోంచి వెళ్లిపోయింది. ఆ పేజీ నడిపినవారికి ఇవేవీ తెలియవు, తెలిసే దారి కూడా లేదు. వారికి అది ఆ రోజు బాగా నడిచిన ఒక పోస్టు. అది తెలియాల్సినవారికి తెలియాలనే నేనీ లేఖ రాస్తున్నాను.

ఇక మీ అందరికీ గుర్తున్న పెద్ద ఘటన సంగతి. 2022 సెప్టెంబరు 18న జీటీఏ 6 తయారీ దశకు చెందిన దాదాపు 90 వీడియో ముక్కలు ఇంటర్నెట్‌లో పడ్డాయి. ఆ పని చేసినట్టు లండన్ కోర్టులో తేలినవాడు ఇరవై ఏళ్లు కూడా నిండని యువకుడు. వేరే హ్యాకింగ్ కేసుల్లో బెయిలు మీద పోలీసులు ఒక హోటల్‌లో ఉంచితే, గదిలోని టీవీకి తగిలించిన అమెజాన్ ఫైర్ స్టిక్‌తో, మొబైల్ ఫోన్‌తో రాక్‌స్టార్ సంస్థలోకి చొరబడ్డాడు. అతన్ని నిరవధికంగా సురక్షిత ఆసుపత్రిలో ఉంచాలని 2023 డిసెంబరులో కోర్టు ఆదేశించింది. ఆ దాడి నుంచి తేరుకోవడానికి 50 లక్షల డాలర్లు, సిబ్బంది పనిగంటలు వేల సంఖ్యలో ఖర్చయ్యాయని రాక్‌స్టార్ కోర్టుకు తెలిపింది.

డాలర్ల లెక్క పక్కన పెట్టండి, అంత పెద్ద సంస్థ దాన్ని భరించగలదు. నా మనసులో మిగిలిపోయినవి వేరే రెండు విషయాలు. ఆ వీడియోలను చూసి ఇన్నేళ్లు తీసి ఇదా గ్రాఫిక్స్ అని వేలమంది ఎగతాళి చేశారు. దానికి జవాబుగా కంట్రోల్ వంటి పేరున్న గేమ్‌లను తయారుచేసినవారు ముందుకొచ్చి, తమ గేమ్‌లు కూడా ఒకప్పుడు పెట్టెలూ గీతలుగా ఎలా ఉండేవో చూపే పాత వీడియోలను తామే బయటపెట్టారు. తోటి పనివారు అవమానపడకూడదని తమ చిత్తుప్రతులను లోకానికి చూపించారు. మన తెలుగు ఛానెళ్లలో కూడా ఆ వారమంతా ఎగతాళి థంబ్‌నెయిళ్లే ఎక్కువగా నాకు కనిపించాయి. ఆ జవాబును చూపించినవి నా కంటపడలేదు. రెండోది, 2024 ఏప్రిల్ నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని రాక్‌స్టార్ తన సిబ్బందిని కోరుతూ, ఉత్పాదకతతో పాటు భద్రతను కూడా కారణంగా చూపింది. ఆ సంస్థకు బెంగళూరులోనూ స్టూడియో ఉంది. సొంత ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ పనిచేసుకునే వీలు పోవడం ఎలా ఉంటుందో, మన రెండు రాష్ట్రాల్లోని ఐటీ కుటుంబాలకు నేను వివరించనక్కరలేదు.

లీకును సమర్థించేవారి వాదాలు నాకు తెలుసు, ఎందుకంటే చాలాకాలం అవే నా వాదాలు. కొత్త కన్సోల్ గేమ్ మన దగ్గర 5,000 రూపాయల చుట్టూ ఉంది. డిగ్రీ చదివే పిల్లవాడు, నెలకు 15,000 జీతంతో మొదలుపెట్టిన ఉద్యోగి దాన్ని కొనలేకపోతే ఆ తప్పు వాళ్లదని నేను అనను. మన దేశపు ఆదాయాలకు తగ్గ ధర పెట్టమని కంపెనీలను అడగాల్సిందే, అడుగుతూనే ఉందాం. ఇరవై ఏళ్ల కిందటి గేమ్‌లు ఎక్కడా అమ్మకానికి లేనప్పుడు, వాటిని ఎవరో కాపీ చేసి దాచి ఉంచకపోతే అవి పూర్తిగా మాయమైపోతాయన్న వాదంలో కూడా బలముంది. డబ్బు కట్టి కొన్న గేమ్‌ను సైతం సర్వర్ లేకపోతే తెరవనివ్వని రక్షణ వ్యవస్థల మీద కోపం న్యాయమైనదే. వీటి గురించి మీరు వీడియోలు చేస్తే మొదట పంచుకునేవాణ్ణి నేనే.

అయితే విడుదలకు ముందు లీకైన గేమ్ విషయంలో ఈ వాదాల్లో ఒక్కటీ నిలబడదు. దానికి ధర ఎక్కువైందని అనలేం, అది ఎంత పెట్టినా ఎక్కడా దొరకని వస్తువు. అది పాతబడి మాయమైపోతోందని అనలేం, ఇంకా పుట్టనే లేదు. మన దేశంలో అమ్మడం లేదని అనలేం, ఏ దేశంలోనూ అమ్మడం లేదు. పేదవాడి పేరు గాని, భద్రపరచడం పేరు గాని చెప్పుకునే వీలు లేనప్పుడు మిగిలేది అందరికంటే ముందు చూడాలన్న ఆత్రం, అందరికంటే ముందు చూపించాలన్న పోటీ. ఆత్రం ప్రేక్షకులది, పోటీ మీది. అందుకే ఈ లేఖను కంపెనీలకు గాని ప్రభుత్వానికి గాని రాయకుండా మీకు రాస్తున్నాను.

లీకైనా అమ్మకాలు తగ్గలేదు కదా అని మీలో కొందరు అడుగుతారు. నిజమే, ఆ ప్రశ్నకు ఉదాహరణ కూడా ఉంది. 2023 మే 12న రావలసిన జెల్డా గేమ్, టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్, ఇంచుమించు పది రోజుల ముందే బయటపడి, విడుదలకు ముందే పది లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయిందని దాన్ని తయారుచేసిన నింటెండో తర్వాత వేసిన దావాలో రాసింది. అదే గేమ్ విడుదలైన మొదటి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయింది. నింటెండోకు నష్టమెంతో లెక్కగట్టడం నా పని కాదు. ఆ లీకు తర్వాత ఏమైందో మాత్రం చూడండి. నింటెండో పరికరం కోసం చేసిన ఆ గేమ్‌ను కంప్యూటర్‌లో ఆడనిచ్చిన యూజు అనే ఎమ్యులేటర్ ప్రోగ్రాం మీద 2024 ఫిబ్రవరిలో దావా పడింది, వారం గడిచేసరికి దాన్ని తయారుచేసినవారు 24 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని దాన్ని మూసేశారు. కొనుక్కున్న గేమ్‌నే కంప్యూటర్‌లో ఆడుకుందామనుకున్నవారు, పాత గేమ్‌లను కాపాడాలనుకున్నవారు, అందరూ ఆ పది రోజుల ఆత్రానికి మూల్యం చెల్లించారు.

పైగా అందరూ నింటెండోలు కారు. ఆస్ట్రేలియాలో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టిన గ్రీన్‌హార్ట్ గేమ్స్ 2013లో గేమ్ డెవ్ టైకూన్ అనే చిన్న గేమ్‌ను తెచ్చింది. ధర 8 డాలర్లు. విడుదల రోజున, గేమ్ నుంచి వచ్చే సమాచారం ప్రకారం దాన్ని ఆడిన 3,318 మందిలో 3,104 మంది ఆడింది దొంగ కాపీ. కొన్నవారు 214 మంది. ఆ కాపీని మొదట బయటకు వదిలింది కూడా ఆ అన్నదమ్ములే, ఏమవుతుందో చూద్దామని; అందులో ఆటగాడు నడిపే గేమ్ కంపెనీ ఎంత మంచి గేమ్ తీసినా పైరసీ వల్లే దివాళా తీసేలా మార్చి పెట్టారు. ఇది విడుదలకు ముందు లీకు కాదని నాకు తెలుసు. పుణెలో ఒక చిన్న బృందం 2020లో రాజీ అనే గేమ్‌ను తెచ్చినట్టు, రేపు హైదరాబాదు నుంచో విశాఖ నుంచో పదిమంది కలిసి ఒక గేమ్ తెస్తే, దాని మొదటి రోజు లెక్క ఇలా ఉండకూడదన్న ఆశతో చెబుతున్నాను.

2023 డిసెంబరులో జరిగినదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. స్పైడర్‌మ్యాన్ గేమ్‌లు తీసిన ఇన్‌సామ్నియాక్ గేమ్స్ మీద రైసిడా అనే హ్యాకర్ల ముఠా దాడి చేసి 50 బిట్‌కాయిన్లు అడిగింది. స్టూడియో ఇవ్వలేదు. 13 లక్షలకు పైగా ఫైళ్లను, 1.67 టెరాబైట్ల సమాచారాన్ని ముఠా ఇంటర్నెట్‌లో పారబోసింది. ఆ స్టూడియో ఇంకా తయారుచేస్తున్న వుల్వరిన్ గేమ్ బిల్డ్ దొరికిందని ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఆ బిల్డ్ ఉన్న కుప్పలోనే ఉద్యోగుల పాస్‌పోర్టుల కాపీలున్నాయి, వారి వ్యక్తిగత పత్రాలున్నాయి. అందులోంచి గేమ్‌ను మాత్రమే ఏరుకుని తీసి, మిగతాదానితో మాకు సంబంధం లేదనడం సాధ్యమా? ఏరుకోవడానికి జనం ఎగబడతారని తెలిసే కదా ముఠా అంత ధర అడిగింది.

అభిమానంతో చేశామన్న మాట కూడా ఎప్పటినుంచో ఉన్నదే. 2003లో హాఫ్ లైఫ్ 2 గేమ్ సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రాం మూల రాతను) వాల్వ్ సంస్థ నుంచి దొంగిలించిన జర్మనీ యువకుడు ఆ గేమ్‌కు వీరాభిమాని. కోడ్‌ను తాను ఒక్కరికే ఇచ్చాననీ, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చిన ఆ ఒక్కరే బయటపెట్టారనీ తర్వాత చెప్పుకున్నాడు. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్‌కు తానే ఉత్తరం రాసి, క్షమాపణ చెప్పి, ఉద్యోగం కూడా అడిగాడు. 2004లో పోలీసులు అతన్ని పట్టుకున్నారు, రెండేళ్ల ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. గేమ్ 2004 నవంబరులో గాని రాలేదు. మా కుర్రవాడూ ఒక్కరికే పంపాడు.

ఒక్కరికే ఇచ్చిన కాపీ ఎంత దూరం వెళ్తుందో తెలుగువారికి వేరే దేశం ఉదాహరణ అవసరం లేదు. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది సినిమా ఇంకా థియేటర్లకు రాకముందే దాదాపు గంటన్నర భాగం ఇంటర్నెట్‌లోకి వచ్చింది, సీడీలుగా అమ్ముడుపోయింది. నిర్మాణంలో పనిచేసిన వ్యక్తి దగ్గర నుంచి స్నేహితుల చేతులు మారుతూ కృష్ణా జిల్లా పెడనలోని వీడియో దుకాణం దాకా కాపీ చేరిందని అప్పట్లో పోలీసులు చెప్పారు. అక్టోబరు 9న రావలసిన సినిమాను నిర్మాత హడావిడిగా సెప్టెంబరు 27కే తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ వారం మనం ఎలా స్పందించామో గుర్తు తెచ్చుకోండి. ఆ హీరో అభిమానులు కానివారు కూడా ఇది అన్యాయమన్నారు. సీడీ దొరికినా చూడబోమని, థియేటర్‌లోనే చూస్తామని అన్నవాళ్లు నా హాస్టల్లోనే పదిమంది ఉన్నారు. సినిమా ఘనవిజయం సాధించింది. ఆ రోజు ఆ సీడీ ముక్కలను కోసి, వ్యాఖ్యానం జోడించి, మొదటి సగం రివ్యూ అని ఎవరైనా వీడియో పెట్టి ఉంటే మనం ఊరుకునేవాళ్లమా? సినిమా కోసం అంత పట్టుదలగా నిలబడినవాళ్లం, గేమ్ దగ్గరికి వచ్చేసరికి అదే పనిని ఎక్స్‌క్లూజివ్ అని పిలుస్తున్నాం.

చట్టం సంగతి క్లుప్తంగా. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంలను కూడా కాపాడుతుంది. దొంగ కాపీ అని తెలిసి వాడినందుకే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది, లాభాపేక్ష లేనప్పుడు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకుంది. సినిమా పైరసీ మీద ఫిర్యాదులు తీసుకోవడానికి కేంద్ర సమాచార ప్రసార శాఖ 2023 నవంబరులో నోడల్ అధికారులను నియమించింది. గేమ్‌లకూ అలాంటి ఏర్పాటు కావాలని నేను కోరుకుంటాను గాని, మిమ్మల్ని జైలు పేరు చెప్పి భయపెట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు.

భయం ఉన్నదల్లా మీ ప్రేక్షకుల్లోని పిల్లల గురించి. విడుదల కాని గేమ్ పేరుతో తిరిగే బీటా లింకుల్లో, ఏపీకే ఫైళ్లలో (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైళ్లలో) గేమ్ ఉండదు. అమ్మానాన్నల బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లోనే పదమూడేళ్ల పిల్లవాడు ఆ ఫైల్‌ను ఎక్కిస్తాడు. కింద కామెంట్‌లో లింకు పెట్టినది ఎవరో ముక్కూమొహం తెలియనివారు కావచ్చు, కాని పిల్లవాడు నమ్మింది మీ ఛానెల్‌ను.

మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నేను పెట్టకపోతే పక్క ఛానెల్ పెడుతుంది, వ్యూస్ అటు పోతాయి, నెలాఖరుకు ఎడిటర్‌కు జీతం ఇవ్వాల్సింది నేను అని మీలో ఒకరు నాతో సూటిగానే అన్నారు. ఒక్కరిగా ఆగితే నష్టపోయే మాట వాస్తవం. అందుకే ఒక్కొక్కరికి విడిగా సందేశం పెట్టకుండా అందరికీ కలిపి బహిరంగంగా రాస్తున్నాను. పెద్ద ఛానెళ్లు పది కలిసి ముందే ఒక మాట అనుకుంటే చిన్నవి ఆ దారిలోనే నడుస్తాయి. తెలుగులో మన గేమింగ్ సమాజం ఇంకా అలా మాట్లాడుకోగలిగినంత దగ్గరగానే ఉంది.

లీకు జరిగిందన్న వార్త చెప్పవద్దని నేను అనడం లేదు. ఏ స్టూడియో మీద దాడి జరిగింది, ఎవరి సమాచారం పోయింది, సంస్థ ఏమంది అనేవి తప్పకుండా చెప్పండి, అది జర్నలిజం. ఆ వార్త వెనక లీకైన దృశ్యాన్ని ఆడించకండి, మసకబార్చి కూడా. కథ ముగింపును థంబ్‌నెయిల్ మీద రాయకండి. 2020లో ది లాస్ట్ ఆఫ్ అస్ గేమ్ రెండో భాగం కథ విడుదలకు రెండు నెలల ముందు ఏప్రిల్‌లోనే పొక్కినప్పుడు, వీడియో తెరవనివారికి కూడా థంబ్‌నెయిళ్లే కథ చెప్పేశాయి. గ్రూపులో లింకు పడితే తొలగించండి, పెట్టినవారికి ఎందుకు తొలగించారో ఒక్క వాక్యంలో చెప్పండి. మీ సబ్‌స్క్రైబర్లలో ఎవరికైనా దుకాణంలో డిస్కు రెండు రోజుల ముందే దొరికితే వాళ్లు ఇంట్లో ఆడుకుంటారేమో, మీరు మాత్రం దాన్ని లైవ్‌లో పెట్టకండి.

ఈ మాటకు ఒప్పుకునేవారు ఆ సంగతిని నవంబరుకు ముందే మీ ఛానెల్‌లో ఒక చిన్న వీడియోగా చెప్పండి. విడుదల నాటి రాత్రి మీలో ఎవరు మొదట లైవ్ పెడితే అక్కడ ఉంటాను, తెనాలి ఇంటర్నెట్ సెంటర్‌లో నాతో పాటు ఆడిన ముగ్గురు స్నేహితులను కూడా పిలిచి ఉంచాను.

ఇట్లు,
మీ ఛానెళ్లను ఎప్పటినుంచో చూస్తున్న ఒక పాత గేమ్ టెస్టర్,
హైదరాబాదు